నువ్వు చేనుకు ముందు తేదీ చూడండి, ఆ తర్వాతే యూరియా

కనుమ వెళ్ళిందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. చీపురుపల్లి వైపు నుంచి, రణస్థలం, లావేరు వైపు నుంచి అందరూ అడిగేది ఒకటే: "నువ్వు చేనుకు ఎకరాకి యూరియా ఎంతెయ్యాలి?" నేను అడిగేదీ ఒకటే: "ఎప్పుడు విత్తారు?" చాలామందికి ఈ ఎదురు ప్రశ్న నచ్చదు. బస్తా లెక్క చెప్పకుండా తేదీ అడుగుతాడేమిటని విసుక్కుంటారు. కానీ నువ్వు ఎనభై, ఎనభై అయిదు రోజుల పంట. అందులో ఎరువును వాడుకునే రోజులు ఇంకా తక్కువ. విత్తడం ఆలస్యమైతే ఆ రోజులు మరింత కుదించుకుపోతాయి. పోయిన రోజుల్ని యూరియా తిరిగి తేలేదు. ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గరువు (తేలికపాటి మెట్ట) నేలలకీ, వరి కోసిన తర్వాత బోరు కింద వేసవి నువ్వు వేసుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

దగ్గర ఉంచుకోవలసినవి (ఎకరాకు)

- విత్తనం రెండున్నర కిలోలు. మన ప్రాంతానికి యలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన రకాలు బాగా అలవాటైనవి: గౌరి, మాధవి, వరాహ, గౌతమ, శారద. రైతు సేవా కేంద్రంలో ఏది దొరుకుతుందో నెల ముందే అడిగి పెట్టుకోండి.
- కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ లేదా మాంకోజెబ్.
- విత్తనానికి మూడింతల సన్న ఇసుక, పొడిగా.
- బాగా మాగిన పశువుల గెత్తం (పెంట ఎరువు) 4 టన్నులు.
- నత్రజని 16 కిలోలు, భాస్వరం 8, పొటాష్ 8 అందేలా ఎరువులు. ఏ బస్తాలో ఎంత వస్తుందో కింద లెక్క కట్టి ఇచ్చాను.
- కేలెండరు, ఒక నోటు పుస్తకం, కొలత టేపు, చిన్న కాటా. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

1. తేదీ లెక్క వెనక నుంచి కట్టండి

మీరు విత్తాలనుకున్న రోజుకు 35 కలపండి, అది పూత. 85 కలపండి, అది కోత. ఆ రెండు రోజుల్లో మన ఊళ్ళో ఎండా వానా ఎలా ఉంటాయో గుర్తు చేసుకోండి. అంతకన్నా పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

జనవరి 20న విత్తితే ఫిబ్రవరి 24కి పూత, ఏప్రిల్ 15కి కోత. ఫిబ్రవరి 10న విత్తితే మార్చి 17కి పూత, మే 6కి కోత. ఈ రెండింటి మధ్య విత్తిన చేను ఎండ ముదరకముందే పూసి కాయ కట్టేస్తుంది. మార్చి 5న విత్తితే మాత్రం ఏప్రిల్ 9కి పూత, మే 29కి కోత. పూత ఎండలో మాడుతుంది, కోత రోహిణి కార్తెలో పడుతుంది. రోళ్ళు పగిలే ఎండ ఒక పక్క, సాయంత్రం లేచే గాలివాన ఇంకో పక్క. ఎండ 40 డిగ్రీలు దాటితే నువ్వు పూత నిలవదు, రాలిపోతుంది. కోసి నిలబెట్టిన కట్టల మీద గాలివాన పడితే గింజ నేల పాలవుతుంది, మిగిలింది రంగు మారుతుంది.

కాబట్టి నీరున్న చోట జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం వరకు. మా పెద్దవాళ్ళు అరసవల్లి రథసప్తమిని గుర్తు పెట్టుకునేవారు. అయితే రథసప్తమి ఒక ఏడు జనవరి చివర్లో వస్తుంది, ఇంకో ఏడు ఫిబ్రవరి నడిమికి జరుగుతుంది. అందుకని గుర్తుకి పండగ పెట్టుకున్నా, లెక్కకి కేలెండరు చూడండి.

మరీ తొందర కూడా మంచిది కాదు. సంక్రాంతి చలికి నేల చల్లగా ఉంటే మొలక నెమ్మదిస్తుంది, మొలిచింది కూడా కదలకుండా కూర్చుంటుంది. తెల్లవారి అరికాలు పెడితే నేల జివ్వుమంటుంటే వారం ఆగండి.

వానాధారంగా వేసేవాళ్ళకి మే వానలే అదును. కృత్తిక, రోహిణి కార్తెల్లో మంచి వాన పడి పదును (విత్తడానికి సరిపడే చెమ్మ) దొరికితే విత్తేయండి. మే 20న విత్తితే జూన్ 24కి పూత, ఆగస్టు 13కి కోత. కోత నాటికి ముసురు పట్టే అవకాశం ఉంది. అందుకని కట్టలు ఆరబెట్టుకోవడానికి కప్పున్న జాగా ఎక్కడుందో విత్తేముందే చూసి పెట్టుకోవాలి.

జులై, ఆగస్టుల్లో "నేల ఖాళీగా ఉంది కదా" అని నువ్వు చల్లేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను. ఆగస్టు 1న చల్లితే అక్టోబరు 25కి కోత. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వచ్చే నెల అది. తుపాన్ల నెలా అదే. 2018లో తిత్లీ తుపాను మన తీరం మీద పడింది అక్టోబరు 11న. అప్పటికి కాయల బరువుతో ఉన్న నువ్వు చేను ఎంత గాలికి ఆగుతుందో మీకే తెలుసు.

2. నేల, పదును

నీరు నిలవని నేలే నువ్వుకి నేల. ఒక రోజు, రెండు రోజులు మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలిచాయంటే అది వాలిపోతుంది, తిరిగి లేవదు. వరి మడిలో వేసేటప్పుడు గట్టు వెంట మురుగు కాలువ తీయకుండా విత్తవద్దు.

దుక్కి మెత్తగా ఉండాలి, గడ్డలు మిగలకూడదు. గింజ అంత సన్నది, గడ్డ కింద పడితే పైకి రాలేదు. పదును చూడ్డానికి జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కండి. ఉండ కట్టి, వేలితో తాకగానే విడిపోతే సరి. ఉండ కట్టకపోతే ఒక తడి ఇచ్చి, ఆరాక విత్తండి. అరచేతికి బురద అంటితే రెండు రోజులు ఆగండి.

3. విత్తడం

విత్తన శుద్ధి చేసి, మూడింతల ఇసుక కలిపి, గొర్రుతో సాళ్ళలో పోయండి. సాలుకి సాలు 30 సెంటీమీటర్లు. లోతు రెండు, మూడు సెంటీమీటర్లు మించకూడదు. వెదజల్లడం అలవాటున్నవాళ్ళు ఈ ఒక్క ఏడైనా సాళ్ళలో వేసి చూడండి. ఎరువు మొక్క పక్కన పడాలన్నా, గొప్పు తవ్వాలన్నా (సాళ్ళ మధ్య మట్టి గుల్ల చేయాలన్నా) సాలు ఉంటేనే కుదురుతుంది.

4. దుక్కిలో వేసే ఎరువు

మొత్తం భాస్వరం, మొత్తం పొటాష్, నత్రజనిలో సగం విత్తేటప్పుడే. మిగతా సగం నత్రజని నెలకు. కొట్లో ఏ బస్తా దొరికితే దానికి తగ్గ లెక్క ఇదిగో:

మొదటి పద్ధతి: సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఒక బస్తా (50 కిలోలు), మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 13 కిలోలు, యూరియా పదిహేడున్నర కిలోలు. సూపర్‌లో గంధకం కూడా ఉంటుంది, నూనె గింజకి అది కావాలి. నాకు ఇష్టమైన పద్ధతి ఇదే.

రెండో పద్ధతి: 20-20-0-13 కాంప్లెక్స్ (అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు) 40 కిలోలు, పొటాష్ 13 కిలోలు. ఇందులోనే 8 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం, గంధకం వచ్చేస్తాయి. దుక్కిలో యూరియా అక్కర్లేదు.

మూడో పద్ధతి: డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) పదిహేడున్నర కిలోలు, యూరియా పదిన్నర కిలోలు, పొటాష్ 13 కిలోలు. డీఏపీలో గంధకం లేదు, కాబట్టి దుక్కిలో జిప్సం వేసుకోండి.

ఏ పద్ధతిలోనైనా నెలకు వేసే యూరియా పదిహేడున్నర కిలోలే. 45 కిలోల యూరియా బస్తాలో సగం కూడా కాదది. "బస్తా విప్పాం కదా, మిగిల్చేదేముంది" అని మొత్తం చల్లేయడం మన ఊళ్ళలో అందరూ చేసే మొదటి తప్పు. మిగిలింది మూట కట్టి చెమ్మ తగలని చోట పెట్టండి.

జాగ్రత్త: యూరియాని విత్తనంతో కలిపి పోయకండి. అది కరిగేటప్పుడు పుట్టే ఘాటుకి సన్న మొలక మాడిపోతుంది. ఎరువు ముందు వేసి, గుంటకతో కలిపి, ఆ తర్వాత విత్తండి.

ముందు పంట ఏమిటన్నది కూడా చూడాలి. మొక్కజొన్నకి బస్తాల కొద్దీ యూరియా పోసిన చేలో నువ్వు వేస్తుంటే, దుక్కిలో యూరియా ఆపి, నెలకు మొక్కను చూసి నిర్ణయించండి. మినుము, పెసర తర్వాత వేసినా అంతే. భూసార పరీక్ష కాగితం ఉంటే దాని మాటే వినండి.

5. ఒత్తు మొక్కలు పీకడం

దీన్ని వదిలేసి యూరియా గురించి మాట్లాడుకోవడం దండగ. లెక్క చూడండి. వెయ్యి నువ్వు గింజలు సుమారు 3 గ్రాములు. రెండున్నర కిలోలంటే ఎనిమిది లక్షల పైన గింజలు. 30 సెంటీమీటర్ల సాలులో 15 సెంటీమీటర్లకొక మొక్క చొప్పున ఎకరాకు కావలసింది 90 వేలు. మొలిచినవన్నీ ఉంచితే ఒక మొక్కకి అందాల్సిన ఎరువుని ఎనిమిది, తొమ్మిది మొక్కలు పంచుకుంటాయి, ఒక్కటీ బాగుపడదు.

విత్తిన 15 రోజులకు, నేల తడిగా ఉన్నప్పుడు, మీటరు పొడవు సాలులో 6, 7 మొక్కలు మిగిలేలా పీకేయండి. మొదట చేయి రాదు, అయ్యో పచ్చటి మొక్క అనిపిస్తుంది. మా చిన్నత్త ఈ పనికి దిగితే వెనక్కి చూడదు. "బిడ్డలు ఎక్కువైతే గంజి పలచనౌద్ది, పీకెయ్" అంటుంది. టేపు పెట్టి చేలో పది చోట్ల లెక్కపెట్టండి. పది చోట్లా కలిపి 60 నుంచి 70 రావాలి. 100 దాటితే ఇంకా పీకాలి.

కలుపు కూడా అప్పుడే. 15 నుంచి 20 రోజుల మధ్య ఒకసారి, 30 రోజులప్పుడు ఇంకోసారి గొప్పు తవ్వాలి. కలుపు మీద యూరియా వేస్తే తినేది కలుపే.

6. పైపాటు (నెల పైరుకి వేసే) యూరియా: 25 నుంచి 30 రోజుల మధ్య

మొగ్గ కనిపించబోయే సమయం ఇది. నువ్వులో ఆకు మొదట్లో పూత, పూత ఉన్నచోట కాయ. అంటే కణుపులు ఎన్ని వస్తే కాయలు అన్ని. ఆ కణుపులు వేసే రోజుల్లోనే నత్రజని అందాలి. తర్వాత అందినది ఆకుకి పోతుంది.

ముందు గొప్పు తవ్వండి. తర్వాత నేలలో చెమ్మ ఉందో లేదో చూసి, పొద్దెక్కి మంచు ఆరాక, సాలుకి నాలుగు వేళ్ళ దూరంలో యూరియా జారవిడిచి మట్టి కప్పండి. ఆకుల మీద పడితే మచ్చలు మచ్చలుగా మాడుతుంది. నీరున్నవాళ్ళు వెంటనే పలచటి తడి ఇవ్వండి, చేలో నీళ్ళు నిలపకండి.

చెమ్మ లేకపోతే? ఆగండి. వానాధారంలో 40వ రోజు దాకా వాన కోసం చూడవచ్చు. అప్పటికీ రాకపోతే నేల మీద వేసే ఆలోచన మానుకుని, లీటరు నీటికి 20 గ్రాముల యూరియా చొప్పున కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్లు పట్టే చేనైతే 4 కిలోలు. ఎండవేళ చేస్తే ఆకు కాలుతుంది.

ఇసుక గరువుల్లో పెద్ద వాన పడితే ఎరువు కిందికి దిగిపోతుంది. అలాంటి నేలలున్నవాళ్ళు పైపాటు యూరియానే రెండు భాగాలు చేసి 22, 35 రోజులకు వేసుకుంటే నష్టం తగ్గుతుంది.

పూత నిండాక యూరియా ముట్టుకోవద్దు. ఇది నా ఇంటి మాట అనుకోండి.

7. ఆలస్యమైపోయింది, ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే. నా కథ చెబుతాను.

ఒక ఏడు బోరు మోటారు కాలిపోయింది. బాగుచేయించేసరికి మార్చి వచ్చింది. విత్తాను. మనసులో దిగులు. ఎరువుల కొట్లో అడిగితే "లేటయింది కదా, ఇంకో బస్తా ఎక్కువేసెయ్, లేచొస్తాది" అన్నారు. వేశాను. నిజంగానే లేచింది. ఛాతీ ఎత్తు చేను, నల్లగా నిగనిగలాడే ఆకు. దారిన పోయేవాళ్ళు ఆగి "ఏటి బావా, ఏం ఏసినావేటి!" అంటుంటే పొంగిపోయాను. ఒక రోజు మా చిన్నాన్న వచ్చి, మొక్కని మెల్లగా వంచి, కణుపుకీ కణుపుకీ మధ్య బెత్త (నాలుగు వేళ్ళ వెడల్పు) పెట్టి చూశాడు. బెత్తెడు దాటింది. మొదటి కాయ మోకాలి పైన ఎక్కడో ఉంది. "కాడ పెంచినావురా, కాయ పెంచలేదు" అన్నాడు. తర్వాత జరిగినదంతా ఆ మాటలోనే ఉంది. ఎండకి పూత రాలింది, మే గాలికి చేను పడుకుంది, కోద్దామంటే కింది కాయ నెర్రె విచ్చింది, పై కాయ ఇంకా పచ్చిగా ఉంది. అదును మీద విత్తి, నేను వేసినదాంట్లో సగం యూరియా కూడా వేయని పక్క చేనులో పండినదానిలో సగమే నాకు దక్కింది.

ఆలస్యంగా విత్తిన చేను ఎండకి గబగబా పెరిగి గబగబా పూస్తుంది. కణుపులు వేసే రోజులు తగ్గిపోయాయి కాబట్టి నత్రజని వాడకం కూడా తగ్గాలి. దానికి తోడు లేత పచ్చి ఆకుకి దీపపు పురుగులు ఎక్కువగా మూగుతాయి. వెర్రి తెగులుని మొక్క నుంచి మొక్కకి మోసేవి అవే. పూత స్థానంలో ఆకుల గుత్తి కనిపిస్తే ఆ మొక్కని వెంటనే పీకి కాల్చేయండి, దానికి మందు లేదు.

కాబట్టి ఇలా చేయండి. వారం, పది రోజులు ఆలస్యమైతే ఎరువు మామూలుగానే, పైపాటు మాత్రం 25వ రోజుకి ముందుకు జరపండి. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆలస్యమైతే పైపాటు సగానికి తగ్గించండి. ఫిబ్రవరి దాటిపోతే నువ్వు మానేసి, పెసర లాంటి తక్కువ రోజుల పంట చూసుకోవడమో, పచ్చిరొట్ట చల్లి మే పదునుకి నువ్వు వేసుకోవడమో మేలు.

8. సరిగ్గా నడుస్తోందా? మూడు చూపులు

30వ రోజు: కింది ఆకులు పసుపెక్కి, మొక్క గిడసబారి ఉంటే నత్రజని చాలలేదు. అయితే ముందు వేరు పీకి చూడండి. వేరు నల్లబడి కుళ్ళితే అది నీళ్ళు నిలిచిన జబ్బు లేదా వేరుకుళ్ళు, యూరియా వేస్తే తగ్గదు. పసుపు రంగు చూడగానే యూరియాకి పరిగెత్తడం రెండో పెద్ద తప్పు.

45వ రోజు: మా చిన్నాన్న కొలతే. మొదటి కాయ నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. కణుపుల దూరం కురచగా ఉండాలి. ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా, వెడల్పుగా ఉండి పూత పలచగా ఉంటే నత్రజని ఎక్కువైంది. ఇక ఎరువు ఆపండి. నీరు మాత్రం ఆపకండి, పూత, కాయ, గింజ నిండే దశల్లో తడి తప్పితే గింజ తాలుపోతుంది.

65వ రోజు: నడిమి కాయ ఒకటి తుంచి గోటితో చీల్చండి. గింజలు వరసగా, తెల్లగా, పాలు నిండి ఉండాలి. వరసలో ఖాళీలు కనిపిస్తే పూత రోజుల్లో ఎండో, నీటి ఎద్దడో దెబ్బ కొట్టింది. నోటు పుస్తకంలో రాసుకోండి, వచ్చే ఏడు తేదీ మార్చుకోవడానికి అదే ఆధారం.

9. కోత

ఆకులు పండి రాలుతూ, ముప్పావు వంతు కాయలు లేత పసుపుకి తిరగగానే కోయండి. కింది కాయ విచ్చేదాకా ఆగితే ఆ కాయలోది మీది కాదు. చిన్న కట్టలు కట్టి, తలలు పైకి ఉంచి, కల్లంలో బరకం మీద నిలబెట్టండి. అయిదారు రోజులకు తిరగేసి దులపండి, రెండు రోజులాగి మళ్ళీ దులపండి. యూరియా ఎక్కువైన చేలో కాయలు ఒక్కసారి పండవు, మూడోసారి కూడా దులపాల్సి వస్తుంది.

మీ చేలోనే తేల్చుకోవడం

నా మాట నమ్మక్కర్లేదు. ఒక మూల మూడు సెంట్లు గుర్తు పెట్టి, సెంటుకొక కర్ర పాతండి. భాస్వరం, పొటాష్ మూడింటికీ ఒకేలా వేయండి, నత్రజని లేని సూపర్, పొటాష్ అయితేనే లెక్క కుదురుతుంది. మొదటి సెంటుకి యూరియా వద్దు. రెండోదానికి మొత్తం 350 గ్రాములు, సగం దుక్కిలో, సగం నెలకు. ఇది ఎకరాకు 16 కిలోల నత్రజని లెక్క. మూడోదానికి 520 గ్రాములు, అంటే 24 కిలోల లెక్క. వీలైతే ఇదే మూడు సెంట్ల వరస పదిహేను రోజులు ఆగి పక్కనే మళ్ళీ విత్తండి.

కోతప్పుడు దేనికది విడిగా దులిపి, విడిగా తూచండి. వచ్చిన బరువుని 100తో గుణిస్తే ఎకరా దిగుబడి. కుంచంతో (గింజ కొలిచే పాత్రతో) కూడా కొలవండి: కుంచం నిండినా కాటా తేలితే గింజ తాలు. రెండో సెంటు నుంచి మూడోదానికి పెరిగిన గింజ ధర, ఎక్కువ వేసిన యూరియాకీ కూలికీ సరిపోయిందా? ముందు విత్తిన వరసలో యూరియా తెచ్చిన తేడా, వెనక విత్తిన వరసలోనూ తెచ్చిందా? ఆ ఆరు బరువులూ తేదీలతో సహా పుస్తకంలో ఎక్కించి, వచ్చే సంక్రాంతికి తీసి చూసుకోండి.